మెరిసిన చెంపలు

ఆ గురువారం నెవేనా చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. కొలిమిలో కాలిన పొడిని బయటికి తీసి, చల్లార్చి, మెత్తగా నూరాలి. ఎర్ర రంగును నీళ్ళలో కలిపి, బీకరు మీద పేరు రాయాలి. కరాజోవ్ గారి దగ్గరికి వెళ్ళి పసుపు గాజు అడిగి తెచ్చుకోవాలి. అడిగేటప్పుడు మొహం నవ్వుతూ ఉండేలా చూసుకోవాలి. స్తాంకా పిన్నికి గుడ్ల రంగు పొట్లం, వెనిగర్ సీసా అందించాలి. కమిటీ ముందు నిలబడి, గొంతు వణకకుండా, తన పొడి మామూలు వెలుతురులో పనిచేస్తుందని చూపించాలి. సాయంత్రం బస్సుకి ఊరెళ్ళాలి. ఎక్కే ముందు నాన్నకి ఫోన్ చేయాలి.

వీటిలో కమిటీ పని ఒక్కటి చెడితే, మిగతావన్నీ సవ్యంగా జరిగినా లాభం లేదు.

పొడి అంటే టైటానియం డయాక్సైడ్. గోడలకి వేసే తెల్ల రంగులో, టూత్‌పేస్టులో, మొహానికి రాసుకునే క్రీముల్లో ఉండే తెల్లదనం దానిదే. దాన్ని కంటికి ఆనని నలుసులుగా చేసి వెలుగులో పెడితే నీళ్ళలో ఉన్న మురికిని, రంగును ముక్కలు ముక్కలుగా విరగ్గొట్టి పారేస్తుంది. చిక్కల్లా ఒక్కటే. దానికి అతినీలలోహిత కాంతి కావాలి. ఎండలో అది ఉండేదే కూరలో ఉప్పంత. గదిలోకి వస్తే అదీ కరువు. కిటికీలోంచి పడే మామూలు వెలుతురుకి ఆ పొడి కన్ను కూడా తెరవదు. నెవేనా మూడేళ్ళుగా దాన్ని ఆ వెలుతురుకే నిద్ర లేపాలని చూస్తోంది. యూరియాతో కలిపి కాలిస్తే పొడిలోకి కాస్త నైట్రోజన్ చేరి తెలుపు కాస్తా లేత పసుపు అవుతుంది. పసుపైందంటే మామూలు వెలుతురును కొంత మింగుతోందన్న మాటే. మింగుతోంది సరే, పని మాత్రం చేయడం లేదు.

నెవేనా నాన్న మింకో గోడలకి రంగులేసే మనిషి. ఆ ఇంట్లో పై చదువు గడప తొక్కిన మొదటి పిల్ల నెవేనాయే. "నేను ముప్పై ఏళ్ళుగా తెలుపు పసుపెక్కకుండా చూస్తున్నాను. నా కూతురు మూడేళ్ళు చదివి తెలుపును పసుపు చేసింది. అదీ సర్కారు ఖర్చుతో!" అని ఆయన కాఫీ కొట్లో కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. చెప్పేటప్పుడు గర్వంగానే చెప్పేవాడు. ఆ గర్వమే నెవేనాకి మోయలేని బరువు. ఈసారి కమిటీకి చూపించలేకపోతే ఆ పరిశోధన మూసేస్తారు. ఫ్యాక్టరీల నుంచి వచ్చే నీళ్ళ సీసాల్లో సున్నం ఎంతుందో కొలిచే బల్ల దగ్గరికి ఆమెను మారుస్తారు. ఆ సంగతి కాఫీ కొట్లో ఎలా చెప్పాలో నాన్నకి తెలియదు.

ఆ రోజు ఈస్టరు ముందరి పెద్ద గురువారం. మధ్యాహ్నంతో సెలవులు మొదలు. బల్గేరియాలో ఆ రోజు గుడ్లకి రంగు వేయని ఇల్లు ఉండదు. మరిత్స నది ఒడ్డున ఉన్న ఆ పరిశోధనాలయంలో కూడా అంతే. అక్కడ ల్యాబ్ సామాను కడిగి సర్దే స్తాంకా పిన్ని, ఏటా తన అంతస్తు మొత్తానికీ అక్కడే విద్యుత్తు పొయ్యి మీద గుడ్లు ఉడికించి, బీకర్లలో రంగు వేసేది. ల్యాబ్‌లో తినేవి వండకూడదని తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఉపవాసాలు ముగిసేదాకా ఎవరూ ముట్టరు గనక గుడ్లు గురువారం నాడు తినేవి కావని, ఆదివారం నాటికే తినేవవుతాయని పిన్ని వాదన. దానికి ఇంతవరకూ ఏ ప్రొఫెసరూ జవాబు చెప్పలేకపోయాడు.

"వచ్చావా? పొట్లం తెచ్చావా?" అంది పిన్ని, నెవేనా తలుపు తీయగానే.

"తెచ్చాను పిన్నీ. వెనిగర్ కూడా."

"ఏదీ, ఇలా తిరుగు. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో! పొద్దున్నే ఏమైనా తిన్నావా?"

"తిన్నాను."

"అబద్ధం. తిన్నవాళ్ళు 'ఏం తిన్నానంటే' అని మొదలెడతారు. ఆ సంచిలో రొట్టె ఉంది. తిని, తర్వాత నీ పసుపు సంగతి చూసుకో."

నెవేనా ఒక చేత్తో రొట్టె తింటూనే రెండో చేత్తో తన పనులు మొదలుపెట్టింది. ప్రయోగాలకి వాడే ఎర్ర రంగును పెద్ద బీకరులో కలిపి, మీద మార్కరుతో "నెవేనాది. ముట్టవద్దు" అని రాసి కిటికీ పక్క బల్ల మీద పెట్టింది. పిన్ని కూడా పొట్లం చింపి, వేడి నీళ్ళు పోసి, వెనిగర్ దండిగా ఒంపి, చల్లారడానికి తన బీకరును అదే బల్ల మీద పెట్టింది. రెండు బీకర్లూ ఒకే సైజు. రెండు రంగులూ ఎరుపే. తేడా అల్లా ఆ మార్కరు రాత ఒక్కటే.

నెవేనా పసుపు గాజు కోసం వెళ్ళింది.

కరాజోవ్ గారు కమిటీలో ఒకరు. ఏ ఫలితం చూపించినా ముందు నమ్మకపోవడం ఆయన పద్ధతి. ఆ పద్ధతి మంచిదేనని నెవేనాకి తెలుసు. తన ఫలితాల మీద వాడకపోతే ఇంకా మంచిదనిపించేది.

"గాజు ఎందుకు?" అన్నాడాయన, తెలిసే.

"కిటికీ వెలుతురులో కూడా అతినీలలోహితం కాస్త ఉంటుంది కదా సార్. గాజు దాన్ని ఆపేస్తే, పనిచేసింది మామూలు వెలుతురేనని తేలుతుంది."

"పనిచేస్తే."

"పనిచేస్తుంది సార్."

"మూడేళ్ళుగా ఆ మాట ఒక్కటే పనిచేస్తోందమ్మా." ఆయన గాజును చేతిరుమాలులో చుట్టి ఇచ్చాడు. "గీత పడకుండా తీసుకురా. అవునూ, ఆ వెనిగర్ కంపేమిటి? మళ్ళీ గుడ్ల తతంగమా? శాస్త్రం చేసే చోట ఈ మూఢనమ్మకాలేమిటో!"

ఈలోగా ల్యాబ్‌లో ఏం జరిగిందో నెవేనాకి మధ్యాహ్నం గానీ తెలియలేదు. మనకి ఇప్పుడే తెలిస్తే మంచిది. కమిటీ వస్తోందని పిన్ని బల్లలన్నీ తుడిచింది. బల్లలు మెరిశాయి గానీ వాటి మీది గాజు సామాను మెరవడం లేదని ఆమెకు అనిపించింది. పిల్లకి మాట రాకూడదని, గుడ్డను స్పిరిట్‌లో ముంచి బీకర్లన్నిటినీ బయటవైపు తళతళలాడేలా తుడిచింది. స్పిరిట్‌కి మార్కరు రాత ఒక లెక్కా? "ముట్టవద్దు" అన్న హెచ్చరిక గుడ్డకి అంటుకుని బకెట్లోకి పోయింది. తుడవడం కోసం అటుదిటు ఇటుదటు జరిపిన రెండు బీకర్లలో పొయ్యికి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుని ఆమె గుడ్లు ముంచింది. పెద్ద గురువారం నాడు పొయ్యి పక్కన ఎర్ర నీళ్ళు కనిపిస్తే అవి గుడ్లవి కావేమోనన్న అనుమానం ఆ దేశంలో పుట్టిన మనిషికి రాదు.

"ఈ ఏడు మరీ గులాబీగా దిగిందేమిటి?" అనుకుందామె. "పొట్లాల్లో కూడా కల్తీయే!"

నెవేనా తిరిగి వచ్చేసరికి బల్ల మీద ఒకే ఒక్క ఎర్ర బీకరు ఉంది. ఒకటే ఉందంటే అది తనదే; రాత ఉందో లేదో చూడాలని తోచలేదు. గదంతా వెనిగర్ వాసన గనక బీకరు వాసన ప్రత్యేకంగా తెలియలేదు. అందులోంచి రెండు చిన్న బీకర్లలోకి వంచి, నీళ్ళు కలిపి, రెండింటిలోనూ పసుపు పొడి వేసింది. ఒకదాన్ని కిటికీ దగ్గర, చుట్టూ నల్ల అట్ట కట్టి, కిటికీ వైపు పసుపు గాజు అడ్డుపెట్టి, అడుగున తిరిగే అయస్కాంతం మీద ఉంచింది. రెండోదాన్నీ అలాంటి అయస్కాంతం మీదే ఉంచి, చీకటి బీరువాలో పెట్టి తలుపు మూసింది. పెద్ద బీకరును, మిగిలిన ఎర్ర నీళ్ళతోనే, కిటికీ గట్టు మీదికి జరిపింది.

కమిటీ వచ్చింది. డీన్ టోషేవా ముందు, నెవేనాకి గైడ్‌గా ఉన్న ప్రొఫెసర్ వెల్చెవ్ వెనక, ఆ వెనక చేతులు కట్టుకుని కరాజోవ్ గారు. గుమ్మంలో స్తాంకా పిన్ని ఇంకా తడి ఆరని మొదటి గుడ్డు పట్టుకుని కాచుకుని ఉంది. మొదటి ఎర్ర గుడ్డుతో పిల్లల చెంపలు రుద్దితే ఏడాదంతా ఆరోగ్యంగా ఉంటారు. పిన్ని దృష్టిలో ఆ భవనంలో ఉన్నవాళ్ళందరూ పిల్లలే.

"తెల్లగా, ఎర్రగా ఉండు తల్లీ," అని డీన్ గారి రెండు చెంపలూ రుద్దింది. డీన్ గారు కళ్ళు మూసుకుని చిన్నపిల్లలా మొహం ముందుకు పెట్టారు. వెల్చెవ్ గారు అడగకముందే వంగారు.

"నాకొద్దు. నేను శాస్త్రవేత్తని," అన్నాడు కరాజోవ్.

"శాస్త్రవేత్తకి ఆరోగ్యం అక్కర్లేదా బాబూ? వంగు."

"స్తాంకా గారూ, నాకు అరవై దాటాయి."

"అయితే ఇంకా గట్టిగా రుద్దాలి. వంగు మరి!"

ఆయన వంగాడు. వంగుతూనే మొహం పక్కకు తిప్పుకున్నాడు. దాంతో గుడ్డు చెంప మీంచి జారి ముక్కు మీదుగా వెళ్ళింది. తలా ఒక గుడ్డు కూడా ఇచ్చింది పిన్ని. "అక్కడ పెట్టండి, చూద్దాం," అన్నాడు కరాజోవ్.

నెవేనా చెప్పవలసినదంతా చెప్పింది. గొంతు వణకలేదు. ఇక కాసేపు వేచి ఉండాలి. కిటికీ దగ్గర బీకరులో గులాబీ రంగు పాలలాంటిది గిరగిరా తిరుగుతోంది.

"ఊరికే కూర్చోవడం ఎందుకు?" అన్నాడు కరాజోవ్. "పక్క గదిలో అతినీలలోహిత దీపం ఉంది కదా. మామూలు తెల్లపొడి దాని కింద ఎంత చురుగ్గా పనిచేస్తుందో డీన్ గారు చూస్తే, ఈ పసుపు పొడి ఎంత సోమరిదో పోల్చుకోవచ్చు."

అందరూ పక్కనున్న చీకటి గదిలోకి వెళ్ళారు. నెవేనా దీపం వేసింది.

చీకట్లో మూడు మొహాలు నిప్పుల కుంపట్లలా మండుతున్నాయి. డీన్ గారివి, వెల్చెవ్ గారివి రెండేసి చెంపలూ నారింజ రంగు నిప్పుకణికల్లా మెరుస్తున్నాయి. ఎవరి చెంపలు వాళ్ళకి కనిపించవు గనక, ఎదుటివాళ్ళకి ఆ సంగతి మర్యాదగా ఎలా చెప్పాలా అని ప్రతి ఒక్కరూ ఆలోచిస్తున్నారు.

"వెల్చెవ్ గారూ," అన్నారు డీన్ చివరికి, మెల్లగా. "మీ ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం మేడమ్, బాగానే ఉంది. తమరే... కాస్త కూర్చుంటారా?"

కరాజోవ్ పగలబడి నవ్వాడు. "ఇద్దరూ అద్దం చూసుకోండి! బొమ్మల కొలువులా ఉన్నారు!" ఆయన నవ్వుతుంటే ముక్కు మీది మంట కిందికీ మీదికీ ఊగింది.

నెవేనా నవ్వలేదు. గుడ్ల రంగు ఈ దీపానికి ఇలా మెరవదు. ఇలా మెరిసేది తన ప్రయోగాల రంగు. తన రంగు వీళ్ళ మొహాల మీద ఉందంటే గుడ్ల మీదా ఉంది. చర్మానికి అంటితే సబ్బుతో పోతుంది. కడుపులోకి మాత్రం పోకూడదు.

"పిన్నీ!" అని ఇవతలి గదిలోకి పరుగెత్తింది. "గుడ్లేవీ?"

"పంచేశాను."

"ఎవరికి?"

"ఎవరికేమిటే? అందరికీ. మన అంతస్తు, కింది అంతస్తు, గేటు దగ్గర దోంచోకి కూడా."

నెవేనా రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. పిన్ని గుడ్డ పట్టుకుని స్టూలు మీద కూలబడింది. "నా చేతులు పడిపోను! తళతళలాడాలని తుడిచానే. నీ చదువు తుడిచేశానా?"

అప్పుడు తట్టింది నెవేనాకి రెండో సంగతి. తన రంగు గుడ్ల మీద ఉంటే, కిటికీ దగ్గర బీకరులో తిరుగుతున్నదేమిటి? గుడ్ల రంగు. వెనిగర్‌తో సహా.

అది ఆమె పైకి అనకముందే, వెనకే వచ్చిన కరాజోవ్ అనేశాడు. "అంటే ఇంత హడావిడీ చేసి, గుడ్ల రంగు మీద ప్రయోగం పెట్టావన్న మాట! మేడమ్, ఇక మనం లేవచ్చు. నేను కోటు తెచ్చుకుంటాను."

వెల్చెవ్ గారు తల దించుకున్నారు. నెవేనా ఒక్క క్షణం బీకరు వైపు చూసింది. ఇక్కడే నిలబడి బతిమాలితే కమిటీ ఆగుతుందేమో. ఈలోగా గుడ్లు సంచుల్లోకెక్కి, బస్సులెక్కి, ఊళ్ళకి వెళ్ళిపోతాయి. ఆదివారం పొద్దున పిల్లలు వాటిని ఒకదానితో ఒకటి కొట్టి, పగిలినదాన్ని ఒలిచి తింటారు.

"మేడమ్, కమిటీ ముగించాలంటే ముగించండి," అంది. "నేను వెళ్ళి గుడ్లు తేవాలి. కానీ నేను వచ్చేదాకా ఆ బీకరును మాత్రం ఎవరూ కదపకండి. పెట్టిన ప్రయోగం తప్పో ఒప్పో, చివరిదాకా చూడకుండా ఆపను."

చేతి దీపం పట్టుకుని బయల్దేరింది. అది కూడా అతినీలలోహితమే వేస్తుంది, అరచేతిలో పట్టేంత ఉంటుంది. కొందరు గుడ్లు అడగ్గానే ఇచ్చారు. కొందరు సంచులు సర్దుకుని మెట్లు దిగుతుంటే వెంటపడి పట్టుకుంది. లెక్కలు రాసే త్స్వెతానా గారి బుట్టలో ఇంటి నుంచి తెచ్చిన సొంత ఎర్ర గుడ్లు కూడా ఉన్నాయి. పిన్ని ఇచ్చినది వాటిలో కలిసిపోయింది.

"ఏదో ఒకటి తీసుకుపో తల్లీ, నాకు బస్సుంది," అందావిడ.

"ఏదో ఒకటి కాదండీ, అదే కావాలి. బుట్ట బల్ల కింద పెట్టండి. మీరూ కాస్త వంగండి."

మర్యాదస్తులైన ఇద్దరు ఆడవాళ్ళు బల్ల కింద దూరి గుడ్లకి దీపం వేసి చూడటం కింది అంతస్తు మొత్తం చూసింది. మెరిసినది ఒక్కటే. దాన్ని తీసుకుని నెవేనా లేచింది. త్స్వెతానా గారు జాలిపడి, "పోనీ, మంచి గుడ్డు ఒకటి నువ్వుంచుకో," అని తన బుట్టలోది ఒకటి చేతిలో పెట్టింది.

గేటు దగ్గరే కథ అడ్డం తిరిగింది. కాపలాదారు దోంచో తన గదిలో గోడకున్న మేరీ మాత పటం ముందు గుడ్డు పెట్టేశాడు.

"దేవుడి దగ్గర పెట్టింది తీయకూడదమ్మాయ్."

"బాబాయ్, అది గుడ్ల రంగు కాదు. ల్యాబ్ రంగు. చూడు కావలిస్తే," అని నెవేనా తొందరపాటులో దీపం వేసింది.

చీకటి గదిలో, పటం ముందు, గుడ్డు భగ్గుమని వెలిగింది.

దోంచో టోపీ తీసి, శిలువ గుర్తు వేసుకుని, రెండు అడుగులు వెనక్కి వేశాడు. "అమ్మా, తల్లీ! మహిమ!"

"మహిమ కాదు బాబాయ్! నా రంగు!"

"నీ చేతిలో ఇంత మహిమ ఉందని మాకెవ్వరికీ తెలియదే తల్లీ!"

ఆ మాట గేటు దాటింది. సెలవులకి బయల్దేరిన వాళ్ళు సంచులు కింద పెట్టి ఆగారు. ఒక ముసలావిడ కొవ్వొత్తి కోసం సంచి వెతుక్కుంటోంది. ఇంకొకాయన, మోకాలి నొప్పికి ఆ గుడ్డు తగిలిస్తే చాలా అని అడుగుతున్నాడు. నెవేనా ఎంత గట్టిగా కాదంటే వాళ్ళకి అంత గట్టిగా నమ్మకం కుదురుతోంది. మహిమ ఉన్నవాళ్ళు ఎప్పుడూ లేదనే చెబుతారట.

సరిగ్గా అప్పుడు కోటు వేసుకుని, టోపీ కిందికి లాక్కుని, గోడ పక్కగా జారుకుంటున్న కరాజోవ్ గారు ఆమె కంటబడ్డాడు.

"సార్! ఒక్క నిమిషం ఈ గదిలోకి రండి. దయచేసి!"

"నాకు పని ఉంది."

"మీ ముక్కుతో పనుంది సార్."

వచ్చాడు పాపం. నెవేనా దీపం ఆయన మొహం మీదికి తిప్పింది. ముక్కు, మేరీ మాత ముందున్న గుడ్డంత దేదీప్యమానంగా వెలిగింది.

దోంచో ఆ ముక్కును చూశాడు. గుడ్డును చూశాడు. మళ్ళీ ముక్కును చూశాడు. పదిహేనేళ్ళుగా ఆ ముక్కు కింది నోటితో తిట్లు తిన్న మనిషి అతను. "కరాజోవ్ గారి ముక్కు మీద మహిమా?" అన్నాడు. "ఎంత మాత్రం జరగదు." టోపీ మళ్ళీ పెట్టుకుని, పటం ముందు నుంచి గుడ్డు తీసి నెవేనా చేతిలో పెట్టాడు. జనం సంచులెత్తుకుని బస్సు వైపు నడిచారు. ముసలావిడ మాత్రం వెళుతూ వెళుతూ కరాజోవ్ వంక చూసి, "ఎంతైనా మంచి మనిషై ఉంటాడు," అంది.

నెవేనా దీపం ఆర్పబోతూ ఆగింది. కరాజోవ్ గారి వేళ్ళ కొసలు మెరుస్తున్నాయి. కోటు జేబు అంచు కూడా మెరుస్తోంది.

ఆయన జేబులో చెయ్యి పెట్టి, రుమాలులో జాగ్రత్తగా చుట్టిన గుడ్డు తీశాడు.

"మా మనవరాలికి," అన్నాడు, వేరే ఎవరి గొంతుతోనో. "నాలుగేళ్ళది. చలికాలమంతా దగ్గుతూనే ఉంది. చెంపలకి రాద్దామని..."

నెవేనా ఆ గుడ్డు తీసుకుని, త్స్వెతానా గారిచ్చిన మంచి గుడ్డును ఆయన రుమాలులో పెట్టింది. "ఇది రాయండి సార్. తెల్లగా, ఎర్రగా ఉంటుంది."

ఇద్దరూ కలిసి మెట్లెక్కారు. ఆయన ఇంటికి ఎందుకు వెళ్ళలేదో ఆయనే ఎప్పుడూ చెప్పలేదు.

పైన డీన్ గారు, వెల్చెవ్ గారు సింకు దగ్గర వంగి మొహాలు కడుక్కుంటున్నారు. పిన్ని సబ్బు అందిస్తూ ఏడుస్తోంది. నెవేనా గుడ్ల గిన్నె బల్ల మీద పెట్టి, "ఏడవకు పిన్నీ, అన్నీ దొరికాయి," అంటూ కిటికీ దగ్గరికి వెళ్ళి, నల్ల అట్ట తొలగించింది.

బీకరులో ఎరుపు లేదు. లేత పసుపు మజ్జిగలాంటిది తనపాటికి తాను గిరగిరా తిరుగుతోంది.

"సార్," అంది వెల్చెవ్ గారితో. "ఇటు వస్తారా? నేను చూస్తున్నదే మీరూ చూస్తున్నారా?"

ఆయన సబ్బు నురగతోనే వచ్చి చూశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"రంగు పోలేదు. పొడి పీల్చుకుని ఉంటుంది," అన్నాడు కరాజోవ్. అలవాటు.

నెవేనా అయస్కాంతం ఆపింది. పొడి మెల్లగా అడుక్కి దిగింది. పసుపుగానే ఉంది. పైన నీళ్ళు తేటగా ఉన్నాయి. పీల్చుకుని ఉంటే పొడి ఎర్రబడాలి.

"అయితే గుడ్ల రంగు నాసిరకం. వెలుతురు తగిలితే దానంతట అదే వెలిసిపోయి ఉంటుంది."

నెవేనా జవాబు కోసం చుట్టూ చూసింది. కిటికీ గట్టు మీద, ఏ గాజు అడ్డూ లేకుండా, ఎండంతా తాగుతూ, మిగిలిపోయిన పెద్ద బీకరు కూర్చుని ఉంది. అందులో పొడి లేదు. అందులోని ఎరుపు పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.

"అయ్యో, దాన్ని పారబోద్దామనుకున్నానే," అంది పిన్ని ముక్కు ఎగబీలుస్తూ. "ఈ గోలలో మర్చిపోయాను."

"మర్చిపోయి బతికించావు పిన్నీ."

బీరువా తెరిచారు. చీకట్లో పెట్టిన బీకరులో రంగు కాస్త పలచబడింది గానీ ఇంకా గులాబీ పాలలాగే ఉంది. పొడి ఉండి వెలుతురు లేని చోట ఎరుపు పోలేదు. వెలుతురు ఉండి పొడి లేని చోట ఎరుపు పోలేదు. రెండూ కలిసిన చోటే పోయింది. అదీ పసుపు గాజు వెనక.

కరాజోవ్ బీకరు మీదికి వంగి, "ఇందులో ఏమేం పడ్డాయి?" అన్నాడు.

"పొట్లంలో రంగు, వేడి నీళ్ళు, వెనిగర్..." అంటూ నెవేనా ఆగిపోయింది. "వెనిగర్! సార్, మూడేళ్ళుగా నా పొడీ, నా రంగూ ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వకుండా ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. ఈ రంగు వేరు, పైగా పులుపు పడింది. అందుకే రంగు వెళ్ళి పొడిని పట్టుకుంది. పట్టుకున్నాక వెలుతురు కొరుక్కుతింది. గుడ్డుకి రంగు పట్టాలని చిన్నప్పటినుంచీ నా చేత్తోనే వెనిగర్ వేస్తున్నాను. పొడికి వేయాలని తోచలేదు, చూడండి!"

డీన్ గారు చప్పట్లు కొట్టబోయారు. నెవేనా చెయ్యి అడ్డుపెట్టింది.

"ఇంకొక్క మాట మేడమ్. ఇది చాలదు. ఎర్ర రంగు తానే వెలుతురును మింగుతుంది. అది మింగి పొడికి అందించి ఉండొచ్చు. అప్పుడు పనిచేసింది నా పసుపా, దాని ఎరుపా అన్నది తేలనట్టే. రంగే లేని మురికిని నీళ్ళలో కలిపి మళ్ళీ చేయాలి. అప్పటిదాకా నేను గెలిచానని అనను."

కరాజోవ్ నోరు తెరిచి ఉన్నాడు. సరిగ్గా ఆ మాటే అనడానికి తెరిచాడు. తెరిచిన నోటిలో పెట్టడానికి ఇంకే మాటా దొరక్క మూసేశాడు. వెల్చెవ్ గారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. తాను మూడేళ్ళు చదువు చెప్పిన పిల్ల, చేతికి అందిన దాన్ని కమిటీ ముందే కింద పెట్టేసింది.

"నీ తప్పులు నువ్వే పట్టుకుంటే కరాజోవ్ గారికి పనేముంటుందమ్మా?" అన్నారు డీన్. "ఏమంటారు కరాజోవ్ గారూ? మూసేద్దామా?"

"ఏడాది కావాలి," అన్నాడాయన.

"ఎవరికి?"

"ఆమెకి. నాకు ఇంకా బోలెడు అనుమానాలున్నాయి. అవన్నీ తీర్చడానికి ఆమెకి ఏడాదైనా పడుతుంది. అలాగే రాయండి." టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "గాజు నీ దగ్గరే ఉంచుకో. గీత పడనివ్వకు."

నెవేనా బస్సు మెట్టు మీద నిలబడి నాన్నకి ఫోన్ చేసింది.

"నాన్నా, పసుపు పనిచేసింది. కాస్త వెనిగర్ వేస్తే."

మింకో కాసేపు ఆలోచించాడు. "సలాడ్‌కైనా అంతే కదమ్మా," అన్నాడు. ఆ తర్వాత కాఫీ కొట్లో ఉన్నవాళ్ళందరికీ వినిపించేలా గట్టిగా చెప్పడం ఆమెకి ఫోన్‌లో వినిపించింది.

ఆ ఏడాదిలో రంగు లేని మురికి మీద కూడా పొడి పనిచేసింది. గుడ్ల రంగు మీద ఉన్నంత హుషారుగా కాదు, నిదానంగా, కొంత బతిమాలించుకుని. కానీ పసుపు గాజు వెనకే పనిచేసింది. నెవేనా ఆ సంగతి వ్రాసి అచ్చుకి పంపేటప్పుడు, చివర కృతజ్ఞతల్లో స్తాంకా పిన్ని పేరు వేస్తానంది. "బీకర్లు తారుమారు చేసిన మనిషినని దేశదేశాల్లో అచ్చు వేయిస్తావా? పేరు కనిపించిందంటే నీకు రొట్టె బంద్!" అని పిన్ని ఒట్టు పెట్టించుకుంది. అందుకని ఆ పత్రంలో వెనిగర్ పేరు ఉంది, ఎంత వేయాలో ఉంది, ఆమె పేరు మాత్రం లేదు. ఎప్పుడైనా ఎర్ర గుడ్డు మీ కంటబడితే, స్తాంకా పిన్నిని కాస్త మీరే గుర్తు పెట్టుకోండి. వెనిగర్‌ని శాస్త్రం గుర్తు పెట్టుకుంటుంది.